ఇండియానా తీర్పు, కెంటకీ చిక్కుళ్ళు

ఇండియానా కోర్టు నుంచి నోటీసు వస్తే ఓర్వల్ చించి పొయ్యిలో వేశాడు. కెంటకీ గనిలో బొగ్గు తవ్వేవాణ్ని పక్క రాష్ట్రం జడ్జి ఏం చేస్తాడులే అనుకున్నాడు. ఆ జడ్జి అతని భార్య కొరీన్‌కి విడాకులు మంజూరు చేశాడు. ఆరేళ్ళ కూతురు టాన్సీనీ ఆమెకే ఇచ్చాడు.

ఆ తీర్పును అమలు చేసి పిల్లని ఇప్పించమని కొరీన్ కెంటకీ కోర్టును అడిగింది. అప్పుడు ఓర్వల్ లాయరు దగ్గరికి పరుగెత్తాడు.

"విడాకుల జోలికి పోకండి. అవి చెల్లుతాయి," అంది లాయరమ్మ. "పిల్ల సంగతి వేరు. అక్కడి జడ్జి తేల్చాలంటే, ఆగస్టులో ఆమె కేసు వేసేనాటికి పిల్ల అక్కడ ఆరు నెలలు ఉండి ఉండాలి."

"క్రిస్మస్ నుంచీ ఉందని ప్రమాణం చేసింది. అబద్ధం."

"ఆ మాట ఇంకొకరు చెప్పాలి."

చెప్పగలిగింది ఒక్క వర్డీ. కొరీన్ తల్లి. ఓర్వల్ వెళ్ళి అడిగితే తలుపు మూసేసింది. వాయిదా రోజున మాత్రం చర్చికి వేసుకునే గౌనులో వచ్చి కూచుంది.

"టాన్సీ ఈ ఏప్రిల్లో గుడ్ ఫ్రైడేనాడు మా పెరట్లో నాతో చిక్కుడు గింజలు నాటింది," అంది బోనులో.

"ఆ రోజేనని ఎలా చెప్పగలరు?" అన్నాడు కొరీన్ లాయరు. పట్నం మనిషి, ఆ పల్లెల్లో అందరూ గుడ్ ఫ్రైడేనాడే చిక్కుళ్ళు నాటుతారని తెలీదు.

"చిక్కుళ్ళు ఇంకెప్పుడు నాటుతారయ్యా?"

హాలంతా నవ్వింది. జడ్జి కూడా ఆ రోజే నాటాడు. కొరీన్ తలెత్తలేదు.

జడ్జి లోపలికెళ్ళి ఇండియానా జడ్జితో ఫోన్లో మాట్లాడి వచ్చాడు.

"పిల్ల విషయంలో ఆ తీర్పు చెల్లదు. అక్కడి జడ్జిగారూ ఒప్పుకున్నారు. పిల్ల ఎవరి దగ్గరుండాలో ఇక్కడే తేలుద్దాం. అంతవరకూ తండ్రి దగ్గర. ఓర్వల్ గారూ, విడాకులకి అభ్యంతరముందా?"

పన్నెండేళ్ళ కాపురం. నోటిదాకా వచ్చిన మాట మింగాడు.

"లేదండీ."

బయట కొరీన్ తల్లిని దాటుకుని వెళ్ళిపోయింది. ఓర్వల్ వర్డీకి ట్రక్కు తలుపు తీశాడు.

"మేలు చేశావు అత్తా."

"నీ కోసం కాదు. దేవుడి పుస్తకం మీద చెయ్యి పెట్టించారు." కొంత దూరం పోయాక అడిగింది. "తల్లికి పిల్లని చూపిస్తావా?"

"జడ్జి ఎంతసేపంటే అంతసేపు. గడియ ఎక్కువ కాదు."

వర్డీ కిటికీలోంచి బయటికి చూసింది.

"అది నిన్నెందుకు వదిలేసిందో నన్నెవరూ అడగలేదు. అడిగితే అదీ నిజమే చెప్పేదాన్ని."

ఓర్వల్ గేరు మార్చాడు.