ఫోటోలో పెద్దబాపు కుర్చీ

పొద్దున లేవగానే పళ్ళపొడి అరచేతిలో వేసుకుని, హాల్లో గోడ మీది ఫోటో చూడడం ప్రభాకర్‌కు అలవాటు. అందులో ఎవరెవరున్నారో చూసుకుంటే గానీ అతను పెరట్లోకి పోడు. ఆ రోజు చూస్తే ఫోటోలో ఒక మేక ఉంది.

"త్రివేణీ! గీ మేక ఎవ్వలిదే?" అని అరిచాడు.

"చినగంజాం కాడ ఉప్పు పండిస్తరట, గాల్లది. రాత్రి పిల్ల ఫోన్ చేసి చెప్పింది. ఆల్లింట్ల తిన్నదట. అన్నా, వదినా అని పిలిచిందట" అంది భార్య వంటింట్లోంచి.

"అన్నను, వదినను పిలుస్తే మేక ఎందుకస్తది?"

"దాన్నేమని పిలిచిందో నాకేమెరుక? నీ బిడ్డనే అడుగు."

ప్రభాకర్ సిద్దిపేటలో బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. ఆ ఫోటో అతని పెళ్ళయిన కొత్తలో స్టూడియోలో దిగింది. ముందు మూడు కుర్చీలు. వాటిలో తండ్రి, తల్లి ఐలవ్వ, అన్న రాజం. వెనక ప్రభాకర్, త్రివేణి, వదిన అంజవ్వ నిలబడ్డారు. తర్వాత ఫోటో తన పని తాను చేసుకుంటూ పోయింది. ఒకరింట్లో ఒక పూట తిని, నిండు మనసుతో వరస పెట్టి పిలిస్తే చాలు, వాళ్ళు వచ్చి అందులో నిలబడతారు. కూతురు వినీత మొదటిసారి 'బాపు' అన్ననాడు వచ్చి తండ్రి చంకనెక్కింది. వరస తెగితే మాత్రం ఎట్లా వచ్చినవాళ్ళు అట్లా పోతారు. తల్లీతండ్రీ కాలం చేసినా ఫోటోలోంచి కదల్లేదు. వాళ్ళ పేరెత్తని రోజు ఆ ఇంట్లో లేదు కదా. రాజం దౌల్తాబాద్‌లో నిక్షేపంగా బతికే ఉన్నాడు. అతని కుర్చీ మాత్రం ఖాళీ.

దానికంతటికీ కారణం ఒక ఫ్లెక్సీ. వినీత చీరకట్టు ఫంక్షన్‌కు గేటు మీద కట్టింది. త్రివేణి తమ్ముడు శ్రీకాంత్ దాన్ని దగ్గరుండి కొట్టించాడు గనుక అందులో శ్రీకాంత్ తలకాయ గంగాళమంత, రాజం తలకాయ పోస్టు బిళ్ళంత పడ్డాయి. రాజం భార్యతో సహా వచ్చి, గేటు దగ్గర తలెత్తి చూసి, మంచినీళ్ళైనా ముట్టకుండా వెనక్కి తిరిగాడు. తినకుండా పోయాడని తమ్ముడికి కోపం. ఎందుకు పోయావని అడగడానికి రాలేదని అన్నకు కోపం. ఒక్క తల్లి పాలు తాగినవాళ్ళు, ఇద్దరు పట్టిన కుందేళ్ళకూ మూడే కాళ్ళు. ఆ ఇంటి పేరు ఎవరూ ఎత్తొద్దని ప్రభాకర్ ఇంట్లో హుకుం జారీ చేశాడు. కొన్నాళ్ళకు రాజం, అంజవ్వ ఫోటోలోంచి పోయారు. కుర్చీ పోలేదు. అది పెద్దబాపు కుర్చీ, అంటే వినీతకు పెదనాన్న అయ్యేవాడిది; ఆ వరస ఉన్నవాడే అందులో కూర్చోగలడు. శ్రీకాంత్ ఏళ్ళ తరబడి దాని వీపు మీద చెయ్యి వేసుకుని నిలబడ్డా అతని వల్ల కాలేదు.

ఇప్పుడీ సముద్రం గోల మొదలైంది. వినీత ములుగులో అడవుల చదువు పూర్తి చేసింది. ఉద్యోగంలో చేరేలోపు కొన్నాళ్ళు ఖాళీ దొరికింది. మిగతా పిల్లలైతే పెళ్ళిళ్ళకు పోతారు, నిద్రపోతారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఈమె తనంత ఎత్తు బ్యాగు వీపుకు తగిలించుకుని, నెల్లూరు అవతల మైపాడు నుంచి భీమిలి దాకా సముద్రం పొడుగునా పోతానంది. కుదిరితే నడక, కుదరకపోతే బస్సు.

"నీళ్ళు చూడనీకి గంత దూరం పోవాల్నా? మనకు కోమటిచెరువు లేదా?" అన్నాడు ప్రభాకర్.

"దానికి అవతలి ఒడ్డు కనవడ్తది బాపూ" అని వినీత వెళ్ళిపోయింది.

మైపాడులో దిగిన రోజే మస్తానమ్మ అనే చేపలమ్మే ఆవిడ ఇంట్లో తిని, అత్తా అని పిలిచింది. తెల్లారేసరికి మస్తానమ్మ గంపతో సహా ఫోటోలో ఐలవ్వ పక్కన నిలబడి ఉంది. గంపలోంచి నీళ్ళు కారి గోడ తడిసింది. త్రివేణి కింద గిన్నె పెట్టింది. అంతటితో ఆగితే బాగుండేది. ఆ సాయంత్రం మస్తానమ్మే ఫోన్ తీసుకుని, "ఏం అన్నయ్యా, పిల్లను ఇట్టా ఎండలో నడిపిస్తా ఉండారే, మీకు మనసెట్టా ఒప్పిందీ?" అని ప్రభాకర్‌ను నాలుగు తిట్టింది. వద్దని మొత్తుకున్నవాడికే తిట్లు! అతనికి ఒళ్ళు మండిపోయింది.

ఆ తర్వాత వచ్చినవాళ్ళే ఉప్పు మళ్ళవాళ్ళు, వాళ్ళ మేక. సూర్యలంకలో సైకిల్ మీద దేశం తిరిగే మణిపూర్ పిల్ల లిన్‌థోయి తోడైంది. ఒడ్డున గుడారం వేసి నూడుల్స్ వండిపెడితే వినీత తిని, చెల్లే అంది. గుడారం కూడా ఇల్లే అయిందేమో, లిన్‌థోయి సైకిల్‌తో వచ్చేసింది. ముందు చక్రం ప్రభాకర్ తండ్రి ధోవతికి ఆనింది.

మనుషులతో పాటు వాళ్ళ ఎండ కూడా వచ్చింది. నలుపు తెలుపు ఫోటోలోంచి సముద్రపు వెలుతురు హాలంతా పరుచుకుంది. బయట సిద్దిపేటలో చలికి జనం మఫ్లర్లు చుట్టుకుంటుంటే, ఇంట్లో ప్రభాకర్ ఫ్యాన్ వేసుకుని చెమటలు కక్కుతున్నాడు. మధ్యాహ్నం కునుకు తీద్దామంటే కళ్ళలో ఎండ. టీవీ మీద ఇసుక. త్రివేణి మాత్రం ఫోటో కింద చాప పరిచి మిరపకాయలు ఎండబెట్టుకుంది. పక్కింటి కొండవ్వ మోకాళ్ళ నొప్పులకు మంచిదని వచ్చి ఆ చాప మీదే కాళ్ళు చాపుకుంది.

"కొంచెం జరుగు పెద్దమ్మా, నా ఇంట్ల నాకు జాగ లేదు" అన్నాడు ప్రభాకర్.

"నీ బిడ్డ సల్లగుండ. నిన్నటికి ఇయ్యాల్టికి గుంజుడు తగ్గింది. ఇంకెన్నాళ్ళు తిరుగుతదట?" అంది కొండవ్వ, కదలకుండానే.

ఇది చాలదన్నట్టు శ్రీకాంత్ వచ్చాడు. ఫోటో ముందు నిలబడి ఎంతసేపు వెతికినా అతనికి తాను కనబడలేదు. చివరికి మేక కొమ్ముల వెనక ఒక చెవి దొరికింది.

"ఏంది బావా గిది? నన్ను మూలకు నూకిన్రు. మేక ముంగటున్నది, నేను ఎనకున్న. రేపు నలుగురు చూస్తే నా ఇజ్జత్ ఏం గావాలె?"

"నీ ఇజ్జత్ కోసమే అయ్యాల ఫ్లెక్సీ కట్టినం. సాలదా?" అని ప్రభాకర్ కసిరాడు. ఆ మాట తన నోటి నుంచి వచ్చినందుకు తనే ఉలిక్కిపడ్డాడు. ఇన్నేళ్ళలో ఆ సంగతి ఎత్తడం అదే మొదలు.

మర్నాడు పొద్దున వినీత భీమిలి నుంచి ఫోన్ చేసింది. రాళ్ళ మీద జారి మడమ బెణికిందట. వలలు అల్లే నూకరాజు అనే పెద్దాయన చూసి, బ్యాగు తన భుజాన వేసుకుని, దారంతా తిడుతూ ఇంటికి తీసుకుపోయాడట. కట్టు కట్టారు. పగటి అన్నానికి ఉండమన్నారు.

"తినుడు అయినంక తాత అని పిలువు. మర్యాదగుంటది" అన్నాడు ప్రభాకర్ జాగ్రత్తగా.

"తాత అంత ముసలోడు కాదు బాపూ. నాకైతే పెద్దబాపు అనాలనిపిస్తుంది."

ప్రభాకర్ చూపు ఖాళీ కుర్చీ మీదికి పోయింది. మేకను, సైకిల్‌ను, గంపను, అందరినీ తట్టుకుని అది అట్లాగే ఖాళీగా ఉంది.

"మామ అను. కాక అను. పెద్దబాపు అనకు."

"ఎందుకనొద్దు? చిన్నప్పుడు పెద్దబాపు నన్ను మెడ మీద కూసోవెట్టుకొని జాతరంత తిప్పిండు. కింద దిగుతనంటే గిట్లనే తిట్టిండు. నాకు యాదికున్నది. ఆయినెను పిలువొద్దని నువ్వే అంటివి. ఇప్పుడు నాకు పెద్దబాపు ఎవ్వలున్నరు?"

"లేకేంది? దౌల్తాబాద్‌ల ఉన్నడు గదా!"

"ఉంటే ఫోటోల ఎందుకు లేడు?"

ప్రభాకర్ కోపంతో ఫోన్ పెట్టేశాడు. కూతురి మీద అనుకున్నాడు గానీ, ఆ కోపం తన మీదే. ఇంకొంత సేపటికి భీమిలిలో ఆ పిల్ల అన్నం తిని నోరు తెరుస్తుంది. ఎవరో ముక్కూమొహం తెలియని మంచివాడు వచ్చి అన్న కుర్చీలో కూర్చుంటాడు. కూర్చున్నాక లెమ్మని ఎవరంటారు? ఇన్నేళ్ళూ ఆ కుర్చీ ఖాళీగా ఉందిలే, ఎప్పుడో ఒకప్పుడు చూసుకుందాంలే అని తను నిశ్చింతగా ఉన్న సంగతి అతనికి అప్పుడే తెలిసింది.

చొక్కా తగిలించుకుని బండి తీశాడు. "యాడికి?" అని త్రివేణి అడిగింది. "ఆకలైతుంది" అన్నాడు. పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా ఆకలై ఎక్కడికి పోతున్నాడో త్రివేణికి అర్థమైంది.

దౌల్తాబాద్‌లో రాజం వాకిట్లో కూర్చుని మక్క కంకులు ఒలుస్తున్నాడు. తమ్ముణ్ణి చూశాడు. మళ్ళీ తల దించుకుని కంకి ఒలుచుకున్నాడు. జుట్టంతా తెల్లబడింది. అంజవ్వే ఎదురొచ్చింది.

"ఏం ప్రభాకరా, తొవ్వ తప్పినవా?"

"ఆకలైతుంది వదినా. ఇంత అన్నం వెట్టు."

వదిన అనడం సులువుగానే అయింది. ఆమె లోపల పీట వేసి కంచం పెట్టింది. అన్నం, చిక్కుడుకాయ కూర. రాజం కూడా వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు, ఎవరో పిలిస్తే వచ్చినట్టు మొహం పెట్టి. ఎదుటి గోడకు అదే ఫోటో ఉంది. స్టూడియోవాడు అన్నదమ్ములకు చెరొకటి ఇచ్చాడు మరి. అందులో అమ్మ, నాయిన, రాజం, అంజవ్వ ఉన్నారు. వెనక అంజవ్వ పక్కన ఇద్దరు నిలబడేంత జాగా ఖాళీగా ఉంది. ప్రభాకర్ అది చూస్తూనే అన్నం కలిపాడు.

జేబులో ఫోన్ మోగింది. ఎడమ చేత్తో తీశాడు.

"బాపూ, చేపల పులుసు మస్తున్నది. తినుడు అయిపోవచ్చింది" అంది వినీత.

"జర నిమ్మలంగ తిను! ముండ్లుంటయి" అని ఫోన్ పెట్టేశాడు.

ఇప్పుడే అనాలి. నోరు తెరిచాడు. నాలుక మీద ఆ మాట తప్ప లోకంలోని మాటలన్నీ ఉన్నాయి. "కరెంటు మంచిగుంటుందా?" అన్నాడు. "ఉంటుంది" అన్నాడు రాజం. "బోరు పోస్తుందా?" "పోస్తుంది." ఇంత మొండి మనుషులను ఆ తల్లి ఎట్లా కన్నదో, ఎట్లా సాకిందో.

అంజవ్వ నీళ్ళు తేవడానికి బయటికి పోయింది. కంచంలో కూర అయిపోయింది. రాజం కాసేపు చూశాడు. విసుగ్గా లేచి, కూర గంజు దగ్గరికి లాక్కుని, తనే గరిటె తీసుకున్నాడు.

"గిదేం తినుడు? కోడి మెతుకులు ఏరినట్టు. చిన్నప్పటి సంది గిదే కత" అని ఒక గరిటె వేశాడు. ఆ వెంటనే ఇంకొకటి.

"సాలు" అన్నాడు ప్రభాకర్ కంచానికి చెయ్యి అడ్డం పెట్టి. రాజం ఆ చేతి మీదే మూడో గరిటె ఒంపబోయాడు.

"సాలే అన్నా, సాలు!"

రాజం చెయ్యి ఆగిపోయింది. ప్రభాకర్ తల ఎత్తలేదు. వాకిట్లో అంజవ్వ బిందె దించిన చప్పుడైంది. అంతలో ఫోన్ మళ్ళీ మోగింది. ఎంగిలి చేత్తో నొక్కితే స్పీకర్ ఆన్ అయింది. త్రివేణి గొంతు ఇల్లంతా వినబడింది.

"ఇగో, ఇనవడ్తుందా? పెద్ద బావ కుర్చీల కూసున్నడు! చేతుల గరిటె గూడ ఉన్నది. అక్క ఎనక నిలవడ్డది. గిప్పుడే భీమిలాయిన గూడ అచ్చిండు, పిల్ల ఆయిన్ను గూడ పెద్దబాపు అన్నట్టున్నది. కుర్చీ నిండిందని ఆయిననే పీట తెచ్చుకొని బావ పక్క పొంటి కూసున్నడు. ఇనవడ్తుందా? ఏడుస్తున్నవా ఏంది?"

"లేదు. కూర కారమున్నది" అన్నాడు ప్రభాకర్.

రాజం చేతిలోని గరిటె వైపు చూసుకున్నాడు. కళ్ళు తుడుచుకోవడానికి రెండో చెయ్యి ఖాళీగానే ఉంది గానీ, తుడుచుకోలేదు.

"కూసోకేం జేస్త? ఇన్నేండ్లు నిలవడి నిలవడి నా కాళ్ళు గుంజుతున్నయి" అని, ఆ మూడో గరిటె కూడా కంచంలో వేశాడు.