ఎడమ సీటు

వానాకాలంలో కారు అద్దానికి లోపల పట్టే ఆవిరిని గుడ్డతో తుడిస్తే చారలు పడతాయి, పాత న్యూస్‌పేపరుతో తుడిస్తే పడవు. దేచమ్మకి ఆ సంగతి ఎవరూ నేర్పలేదు, చేసి చేసి తెలుసుకుంది. గోణికొప్పలో పెళ్ళికి వెళ్ళాల్సిన రోజు పొద్దున్న కూడా ఆమె షెడ్డులోంచి కారు వెనక్కి తీసి, కాఫీ ఆరబోసే కళ్ళంలో నిలిపి, టైర్లలో గాలి చూసి, రేడియేటర్‌లో నీళ్ళు చూసి, వైపరుకి వేయించిన కొత్త రబ్బరు సరిగ్గా అంటుతోందో లేదో వేలితో తడిమి చూసింది. ఈలోగా మొగుడు ఉత్తయ్య గడ్డం గీసుకుని, కోటు తొడుక్కుని వచ్చి తాళంచెవి కోసం చెయ్యి చాచాడు.

"కారు కడగడం, వెనక్కి తియ్యడం వేరు. నడపడం వేరు" అంటాడతను ఎప్పుడూ. పుట్టింట్లో తండ్రి ఎస్టేటు జీపు మీద నేర్పించి, లైసెన్సు ఇప్పించి మరీ కాపురానికి పంపాడు ఆమెని. కొత్తకోడలిగా ఒకసారి తాళంచెవి అడిగితే అత్తగారు వక్క నములుతూ, "ఏం, మా ఇంట్లో మగాళ్ళు చచ్చారా?" అంది. ఆ తర్వాత దేచమ్మ మళ్ళీ అడగలేదు. లైసెన్సు మాత్రం గడువు దాటనివ్వకుండా తిరగరాయించుకుంటూనే ఉంది, ఎందుకో తనకే తెలియకుండా.

రెండేళ్ళ కిందట మైసూరులో కళ్ళ డాక్టరు ఉత్తయ్యని ఒక పెట్టె ముందు కూర్చోబెట్టి చాలాసేపు పరీక్షించాడు. "చూపు పక్కల నుంచి పోతోందండీ. ఎడమవైపు ఎక్కువ పోయింది. ఎదురుగా ఉన్నది బాగానే కనబడుతుంది, అందుకే పోయిందని మీకు తెలియడం లేదు. కారు నడపడం మానెయ్యండి" అన్నాడు. మెట్లు దిగుతూ ఉత్తయ్య, "చుక్కల మందు వేసుకుంటే చాలన్నాడుగా" అన్నాడు. అది అడగడం కాదు, చెప్పడం. దూరాన ఉన్న కూతురికి ఫోన్లో ఇదేమీ వాగొద్దని కూడా అన్నాడు. ఆ రోజు ఇంటిదాకా అతనే నడిపాడు. హుణసూరు దాటాక ఎడమపక్క ఒక సైకిలతను కనబడ్డాడు. కారు అతని మీదికే పోతోంది.  ఎడమన సైకిలుందని అరిస్తే మొగుడి పరువు పోతుందని ఆ గాభరాలో కూడా ఆమెకి తట్టింది. "అదుగో, ఆ సైకిలతను మన పూణచ్చ తమ్ముడిలా లేడూ?" అంది. ఉత్తయ్య తల తిప్పి చూశాడు. కారు కుడికి జరిగింది.

అలా మొదలైన పని. వంటకీ అంట్లకీ పేరైనా ఉంది, దీనికి పేరు లేదు. ఎడమ సీట్లో కూర్చున్నంతసేపూ రెప్ప వాల్చకూడదు. కొండలు చూడకూడదు, కునుకు తియ్యకూడదు. చూసినదాన్ని చూసినట్టు చెప్పకూడదు, కబుర్లుగా మార్చి చెప్పాలి. "ఆ గేదె ఎవరిదో, పాపం బాగా చిక్కింది." "ఈ ఎర్ర గొడుగు ఎంత బావుందో చూడండి." "ఇక్కడ కల్వర్టు కట్టి ఎన్నాళ్ళయిందంటారు?" ఇంటికొచ్చేసరికి మెడ కొయ్యబారిపోయేది. కొంగు పిడికిట్లో నలిగిపోయి ఉండేది. "కూర్చుని రావడానికి కూడా అలుపేనా నీకు?" అనేవాడు ఉత్తయ్య.

పెళ్ళి పందిట్లో పందికూర, కడుంబుట్టు అనే బియ్యప్రవ్వ ఉండలు వడ్డిస్తున్నారు. చుట్టాలంతా ఒకే వరసలో కూర్చున్నారు. ఎవరో ఉత్తయ్యని, వానలో ప్రయాణం ఎలా సాగిందని అడిగారు.

"మా కారులో రేడియో చెడిపోయి ఎంతకాలమైందో! బాగు చేయించలేదు" అన్నాడతను గొంతు పెంచి. "అవసరమేముంది? మా దేచు ఎక్కి కూర్చుందంటే దిగేదాకా ఆగదు. గేదె కనబడితే గేదె కథ, గొడుగు కనబడితే గొడుగు కథ!"

వరసంతా గొల్లున నవ్వింది. ఆడపడుచు బోజవ్వ ఇంకా ముందుకి వంగి, "వదినా, మా అన్న చెవులు ఇంకా ఉన్నాయంటే గొప్పే! ఇన్నేళ్ళలో ఒక్క యాక్సిడెంటు చెయ్యలేదు చూడు, వాడి ఓపికకి దణ్ణం పెట్టాలి" అంది. దేచమ్మ కూడా నవ్వింది.  మంచినీళ్ళు తాగి నోట్లో ముద్దని లోపలికి తోసింది.

తిరుగు దారిలో ఆమె బెల్టు పెట్టుకుని కూర్చుంది. మాట్లాడకూడదని ఒట్టేమీ పెట్టుకోలేదు, నోరు తెరుచుకోలేదంతే. పాలిబెట్ట దారి పొడుగునా కాఫీ తోటల మీంచి మంచు రోడ్డు మీదికి దిగుతోంది. మధ్యాహ్నమే మసక పడింది.

"ఏంటి, అలిగావా?" అన్నాడు ఉత్తయ్య. "అలిగితే అలిగావులే. చెవులకి హాయిగా ఉంది."

మలుపు తిరిగాక ఎడమ అంచున ముగ్గురు ఆడకూలీలు కనబడ్డారు. తలల మీంచి ప్లాస్టిక్ పట్టాలు కప్పుకుని, వరసగా నడుస్తున్నారు. దేచమ్మ చూసింది. ఇంత దగ్గరగా ఉన్నవాళ్ళు అతనికీ కనబడతారులే అనుకుంది. కనబడకపోతే, అప్పుడు తెలుస్తుందిలే అని కూడా అనుకుంది. ఆ రెండో ఆలోచన తనదేనని గుర్తుపట్టేసరికి ఒక క్షణం జారిపోయింది.

"ఎడమకి! ఎడమకి చూడండి!"

బ్రేకు పడింది. పక్క అద్దం దేనికో తగిలి ఫట్‌మని ముడుచుకుంది. నీలం పట్టా ఒకటి గాల్లోకి లేచి ముందరి అద్దానికి అతుక్కుంది.

దేచమ్మ దిగి పరుగెత్తింది. వరసలో చివరి మనిషి రోడ్డు పక్క కాలవలో పడి ఉంది. నడివయసు మనిషి, మోచెయ్యి చీరుకుపోయి రక్తం కారుతోంది. బతికే ఉంది, లేవబోతోంది కూడా. దేచమ్మ కాలవలోకి దిగింది. తన పట్టు చీర కొంగు ఆ చేతికి గట్టిగా చుట్టి, "క్షమించమ్మా, తప్పు నాది" అంది. ఆ మనిషికి అర్థం కాలేదు. "మీరేం చేశారమ్మా?" అంది.

"రోడ్డు మీ అబ్బదా? చూసుకుని నడవొద్దూ?" వెనకనుంచి ఉత్తయ్య అరుస్తున్నాడు.

"మేం రోడ్డెక్కనే లేదయ్యా" అంది తోటి కూలీల్లో పెద్దావిడ. "గడ్డిలో నడుస్తున్నాం. కావాలంటే కాళ్ళు చూడు."

అతను ఆ కాళ్ళు చూడలేదు. దేచమ్మ వైపు తిరిగి, పళ్ళు కొరుకుతూ, "నువ్వెందుకు చెప్పలేదే?" అన్నాడు.

వాన చప్పుడులో కూడా ఆ మాట స్పష్టంగా వినబడింది. అంటే తెలుసన్నమాట. గేదె కథలూ గొడుగు కథలూ ఎందుకో అతనికి మొదటినుంచీ తెలుసు. వాటి ఆసరాతోనే స్టీరింగు పట్టుకుంటున్నాడు, వాటినే పందిట్లో నవ్వులాటకి వడ్డించాడు. అతని పరువు కాస్తున్నానని రెండేళ్ళుగా ఆమె అనుకుంటోంది. కాచింది పరువుని కాదు. ఈ దారుల్లో నడిచే మనుషుల మీదికి కారుని పంపిస్తూ వచ్చింది. ఇంతకాలం మాట్లాడడం కూడా, ఇవాళ మాట్లాడకపోవడంలాగే, తప్పే.

"ఆసుపత్రికి తీసుకెళ్దాం, కుట్లు పడతాయి" అంటూ గాయపడ్డ మనిషిని లేపి, ముందరి అద్దానికి అతుక్కున్న పట్టా తీసి ఆమెకి కప్పి, వెనక సీట్లో కూర్చోబెట్టింది. తనూ పక్కనే కూర్చుని తలుపు వేసింది.

ఉత్తయ్య స్టీరింగు ముందు కూర్చున్నాడు. "ముందుకి రా."

"ఇక్కడే ఉంటాను."

"ఈ మంచులో... ముందు కూర్చో దేచూ."

"మీరు నడపండి. నేనేమీ చెప్పను. చెవులకి హాయిగా ఉంటుంది."

ఇంజను మోగింది. వైపరు అటూ ఇటూ కొట్టుకుంటోంది. గేరు పడింది. కారు కదల్లేదు. అతని మెడ వెనక చెమట పట్టడం వెనక సీట్లోంచి ఆమెకి కనబడుతూనే ఉంది. గాయపడ్డ మనిషి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. దేచమ్మకి జాలేసింది. జాలేసినా ఊరుకుంది.

చాలాసేపటికి అతను ఇంజను ఆపాడు. తలుపు తీసి, వానలో కారు చుట్టూ నడిచి, ఎడమవైపు ముందు తలుపు తెరుచుకుని కూర్చున్నాడు.  తాళంచెవి స్టీరింగు పక్కనే వేలాడుతోంది.

దేచమ్మ దిగి కుడివైపుకి వచ్చింది. సీటు ముందుకి జరుపుకుంది. బయట ముడుచుకున్న అద్దాన్ని ఉత్తయ్య చేత తెరిపించి, లోపలి అద్దాన్ని తన కళ్ళ ఎత్తుకి దించుకుంది. బెల్టు పెట్టుకుంది, అతన్నీ పెట్టుకోమంది. ఇంజను స్టార్టు చేసి, లైట్లు వేసి, హ్యాండ్ బ్రేకు దించింది. కళ్ళం దాటి ఇన్నేళ్ళుగా కారు నడపని కాళ్ళు మొదట కాస్త తడబడ్డాయి. కారు ఒకసారి ఉలిక్కిపడి, తర్వాత సర్దుకుంది.

దిగుడు మొదలవగానే ఉత్తయ్య డాష్‌బోర్డు పట్టుకున్నాడు. "మెల్లగా. బ్రేకు. అదుగో, ముందు ఏదో... హారన్ కొట్టు, గేరు మార్చు..."

"మీరు మాట్లాడకండి" అంది దేచమ్మ, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "నాకు కనబడుతోంది."