జూన్ ముప్పై బ్రేక్

యూనివర్సిటీ నియామకాల విభాగంలో పదకొండేళ్ళుగా నేను తాత్కాలిక టైపిస్టుని. ప్రొఫెసర్ పోస్టు నుంచి అటెండరు పోస్టు దాకా ప్రతి ప్రకటనా నా చేతి మీదుగానే బయటికి వెళ్తుంది. ఎందరివో నియామకపు ఉత్తర్వులు టైపు చేశాను. నాది మాత్రం ఎవరూ చేయలేదు.

మా కాంట్రాక్టు ఏడాదికే. ఏటా జూన్ ముప్పైన ఒక్కరోజు 'బ్రేక్' అని తీసేసి, మర్నాడు మళ్ళీ చేర్చుకుంటారు. పర్మనెంటు చేయమని ఎవరూ కోర్టుకెక్కకుండా ఈ ఎత్తు. పని ఆగదు కాబట్టి ఆ రోజూ అందరం వస్తాం, హాజరు పట్టీలో సంతకం పెట్టం, అంతే. అరవై ఇద్దరి బ్రేక్ ఉత్తర్వులూ నేనే టైపు చేస్తాను, నాదీ కలిపి. నా గొయ్యి నేనే తవ్వుకుంటున్నానని ఇన్నేళ్ళూ తట్టలేదు, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఈ ఏడు నా సీటుకే పర్మనెంటు పోస్టు పడింది. "ఇన్నాళ్ళకి దేవుడు కళ్ళు తెరిచాడే!" అంది అత్తయ్య. దరఖాస్తు పెట్టాను. మూడు వారాలకి మా సూపరింటెండెంటు అనర్హుల జాబితా తెచ్చి టైపు చేయమన్నాడు. పదిహేడో పేరు నాది. కారణం, ఐదేళ్ళ నిరంతర సర్వీసు లేకపోవడం.

"ఇదేంటి సార్? పదకొండేళ్ళు మీ కళ్ళ ముందే ఉన్నాను కదా!"

"ఉన్నావమ్మా, ఎవరు కాదన్నారు? మధ్యలో బ్రేకులున్నాయిగా." నిమ్మకు నీరెత్తినట్టు చెప్పాడు.

"ఆ రోజుల్లో కూడా పని చేయించుకున్నారు!"

"సంతకం ఉందా, చూపించు."

అర్హుల జాబితాలో మొదటి పేరు రిజిస్ట్రారు గారి బావమరిదిది. అతనూ మాలాగే తాత్కాలికమే. ఆరేళ్ళలో ఆరుసార్లు ఆఫీసుకొచ్చాడేమో, సర్వీసు మాత్రం నిరంతరం. అతనికి బ్రేక్ ఉత్తర్వు టైపు చేసిన గుర్తు నాకు లేదు. ఒళ్ళు మండిపోయింది. నోటి దాకా వచ్చిన తిట్టు మింగి, నా పేరు కూడా తప్పు లేకుండా టైపు చేశాను.

"ఇంటర్వ్యూలు ముప్పైన. పెందలాడే రా అమ్మా. ఏ ఫైలు ఎక్కడుందో నీకే తెలుసు" అన్నాడు సూపరింటెండెంటు.

"ఆ రోజు బ్రేక్ కదా సార్?"

"అది కాగితం మీదేగా!"

ముప్పైన నేను వెళ్ళలేదు. పదిన్నరకి ఫోను మోగింది.

"ఎక్కడున్నావ్? కమిటీ వాళ్ళొచ్చి కూర్చున్నారు, అభ్యర్థులు మెట్ల దాకా ఉన్నారు, ఒక్క ఫైలూ దొరకట్లేదు!"

మెట్ల మీద నిలబడ్డవాళ్ళని తలుచుకుంటే జాలేసింది. అయినా లేవలేదు.

"నేనివాళ ఉద్యోగంలో లేను సార్. బ్రేక్ కాగితం మీద మీరే సంతకం పెట్టారు."

"వేళాకోళంగా ఉందా? రేపట్నుంచి అసలు రానక్కర్లేదంటే ఏం చేస్తావ్?"

అత్తయ్య వద్దు వద్దని చేతులూపుతోంది. నాకూ భయంగానే ఉంది. కోపం అంతకంటే పెద్దది.

"ఆ ఉత్తర్వు మాత్రం మీరే టైపు చేసుకోండి సార్."