చివరి బెజ్జం

రాతిగోడలో వేసిన మొదటి బెజ్జంలో తన కర్ర దూర్చి, ఒక కన్ను మూసి, కర్రమామ బయట మిగిలిన దాని తోక ఎటు చూస్తోందో చూశాడు. తోక తిన్నగా ఉంది. డ్రిల్లు దానికి జోడుగా పెట్టి రెండో బెజ్జం మొదలెట్టాడు.

గనిలో అందరికీ ఆయన కర్రమామే. పేరులో కర్ర ఉంది గానీ మాటలో కరకు లేదు. బక్కపల్చని మనిషి. డ్రిల్లు మోత కుడి చెవిని ఎప్పుడో తినేసింది. ముప్పైనాలుగేళ్ళ రాతిపొడి మెడ ముడతల్లో కాపురం పెట్టింది. ఆ బండే నా సవతి అని భార్య దెప్పుతుంది. ఈ షిఫ్టుతో సవతి పోరు తీరిపోతుంది. రేపు రిటైర్మెంటు.

బెజ్జాలు పైకి చూస్తే బుద్ధిగా వరసలో ఉంటాయి. లోపలికి వెళ్ళాక, వేరుపడిన అన్నదమ్ముల్లా ఎవరి దారి వారిది. ఎడం పెరిగినచోట బెజ్జాల్లో కూరే పేలుడుమందు బలం చాలదు. రాయి ముక్కలు కాకుండా బండగా ఊడి, కింద ఇనుప జల్లెడకు అడ్డం పడుతుంది. జల్లెడ ఎక్కి దాన్ని సుత్తితో పగలగొట్టేది కర్రమామ అల్లుడు. పోయిన నెల ఒక బండ దొర్లి అతని చీలమండ నలిగింది. ఇప్పటికీ కుంటుతూనే ఎక్కుతున్నాడు.

ప్రతి బెజ్జానికీ కర్ర పెట్టిద్దామని మామ ఏళ్ళుగా అడుగుతున్నాడు. అంత తీరిక ఎక్కడిదని ఫోర్‌మన్ కొట్టిపారేస్తూ వచ్చాడు. ఇవాళ మాత్రం మెత్తబడ్డాడు.

"ఈ ఒక్కసారీ నీ ఇష్టం మామా. బండ పడిందా, నీ తర్వాత కర్ర మాటెవరూ ఎత్తకూడదు."

ముప్పైయారు బెజ్జాల్లో ముప్పైయైదు కర్ర చూసి వేసినవే. అప్పటికే మందు పెట్టేవాళ్ళు వచ్చి నిలబడ్డారు. ఫోర్‌మన్ గడియారం చూసుకున్నాడు. మామ నడుం పట్టేసింది. కింది మూలన ఉన్న చివరిది కంటి అంచనాతో కానిచ్చేశాడు.

పేల్చాక, పొగ పోయాక, రాయి గలగలా జల్లెడలోంచి జారిపోయింది. అల్లుడు సుత్తి బోర్లించి దాని మీద కూర్చున్నాడు. కూర్చుని పని చేయడం అతనికి కొత్త.

రాయి తెచ్చి జల్లెడలో పోసే తొట్టెల్లో ఆఖరిదానిలో ఒక బండ వచ్చింది.

"పడింది మామా," అన్నాడు ఫోర్‌మన్, కాస్త జాలిగా.

మామ వంగి చూశాడు. బండ పక్కన సగం బెజ్జం గాడిలా మిగిలి ఉంది. కర్ర ఆ గాడిలో ఆనించాడు. ఆనలేదు. గాడి పక్కకు వంకర తిరిగింది.

"ఇది చివరిది. దీనికొక్కదానికే కర్ర పెట్టలేదు. తప్పు నాదే."

ఫోర్‌మన్‌కు తన గడియారం గుర్తొచ్చింది. అల్లుడు లేచి నాలుగు దెబ్బల్లో బండను పగలగొట్టి మళ్ళీ కూర్చున్నాడు.

"ఇంటికెళ్ళి ఏం చేస్తారు మామయ్యా?"

"మీ అత్త చెప్పింది చేస్తాను. అందులో అంచనాలు పనికిరావు."

షిఫ్టు అయ్యాక మామ తన హాజరు బిళ్ళ కొక్కేనికి తగిలించి లిఫ్టు ఎక్కుతుంటే, ఫోర్‌మన్ వెనక నుంచి కర్ర పొడవెంతని అడిగాడు. వడ్రంగికి ఒక డజను చెప్పాలట. కుడి చెవి వైపు అడిగాడు కాబట్టి మామకు వినపడలేదు. లిఫ్టు వెళ్ళిపోయింది.

బెజ్జం లోతైనా కొలుద్దామని ఫోర్‌మన్ కొలతబద్ద తీసుకుని వెనక్కి వెళ్ళాడు. పక్క సొరంగంలో తర్వాతి షిఫ్టు వేసిన మొదటి బెజ్జంలోంచి, చేతులు పట్టి పట్టి నునుపెక్కిన మామ కర్ర మూరెడు బయటికి, తిన్నగా చూస్తోంది.