బుధవారం వేషం

నాలుగేళ్ల పాటు టోలెడో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో గార్త్ లిండ్‌క్విస్ట్ తనుగా లేడు. అక్కడ అతను మూడో క్వార్టర్‌బ్యాక్, బంతి విసిరి ఆట నడిపేవాళ్లలో ఆఖరివాడు. ఆదివారం ఎదురుపడబోయే క్వార్టర్‌బ్యాక్ ఎవరైతే, బుధవారం సాధనలో అతని నంబరు చొక్కా గార్త్ ఒంటిమీద ఉండేది. ఆ మనిషిలాగే వెనక్కి అడుగు వెయ్యాలి, ఆ మనిషిలాగే బంతి విసరాలి. అతన్ని ఆపడం టోలెడో రక్షణ వరస గార్త్ మీద నేర్చుకునేది. సాధనలో క్వార్టర్‌బ్యాక్‌ని ముట్టుకోకూడదు. కానీ ఆ వరసకు పెద్ద ఓటిస్ టాగర్ట్, మనసు బాగాలేని రోజున, భుజంతో గుద్ది పడేసేవాడు.

"వేషగాడికి నొప్పేంట్రా," అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. గార్త్ కూడా నవ్వేవాడు. గుద్దులు మరిచిపోయాడు గానీ తను నవ్విన ఆ నవ్వు మరవలేదు.

ఒక మంగళవారం టోలెడో అతన్ని తీసేసింది. సాయంత్రానికల్లా లూయివిల్ జట్టు పిలిచి సంతకం పెట్టించుకుంది. ఆ ఆదివారం లూయివిల్ ఆడవలసింది టోలెడోతోనే. అక్కడి రెండో క్వార్టర్‌బ్యాక్ చెయ్యి విరిగి ఇంట్లో ఉన్నాడు కాబట్టి పేరుకు ఆ చోటు గార్త్‌కి ఇచ్చారు. రెండు రోజులు లూయివిల్ కోచ్ ప్రూయిట్ అతన్ని బోర్డు ముందు కూర్చోబెట్టి టోలెడో సైగలన్నీ చెప్పించుకున్నాడు. "నువ్వు బంగారం బాసూ," అన్నాడు. ఒక్క బంతి విసిరి చూపించమని మాత్రం అడగలేదు.

శుక్రవారం గార్త్ వెళ్లేసరికి కోచ్ గది తలుపు ఓరగా ఉంది. లోపల ప్రూయిట్ ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. "పిండాల్సిందంతా పిండేశాం. సోమవారం పంపించేద్దాం."

గార్త్ లోపలికి వెళ్లి కూర్చున్నాడు.

"ఇంకేమైనా మిగిలిందా?"

"లేదు కోచ్."

ఒకటి మిగిలింది. చెబుదామనే వచ్చాడు. మీదికి దూకబోయే ముందు ఓటిస్ ఎడమ చేతి వేళ్లు ఒక్కసారి ముడిచి విప్పుతాడు. నాలుగేళ్లు ఆ వేళ్లు కదలగానే దెబ్బ తిన్న ఒంటికి తప్ప అది ఎవరికీ తెలియదు.

ఆదివారం ఆట ఆఖరి నిమిషంలో లూయివిల్ నాలుగు పాయింట్లు వెనకబడి ఉంది. బంతిని ముప్పై గజాల అవతల చివరి గీత దాటిస్తే ఆరు పాయింట్లు, గెలుపు. అప్పుడే మొదటి క్వార్టర్‌బ్యాక్ డాంటే మోకాలు పట్టుకుని కూలిపోయాడు. గార్త్ హెల్మెట్ పెట్టుకుని పరిగెత్తాడు.

"ఏరా వేషగాడా, ఇవాళ ఎవరివి?" ఓటిస్ అడిగాడు.

జవాబు ఇద్దామనుకున్నాడు. నిజంగానే తెలియలేదు. మొదటి బంతి ఎవరికీ అందకుండా నేలకు తగిలింది.

"అది ఒమాహా క్వార్టర్‌బ్యాక్ అడుగు కదరా. పోయిన నెలేగా చూపించావు."

ఓటిస్ వెనక అందరూ నవ్వారు. ఆ మాట నిజమని తెలిసి గార్త్ ఒళ్లంతా మండింది. తనదంటూ ఒక్క అడుగు కూడా ఉంచుకోకుండా అన్నీ ఊడ్చుకుపోయారు.

హెల్మెట్‌లోని స్పీకర్‌లో ప్రూయిట్ గొంతు పక్కకు విసరమంది. గార్త్ రెండు వరసలూ ఎదురెదురుగా నిలబడే చోటికి వచ్చి చూశాడు. ఓటిస్ ఎడమ వేళ్లు ముడుచుకుని విచ్చుకున్నాయి.

గార్త్ తనవాళ్లకు అరిచి చెప్పి ఎత్తుగడ మార్చాడు. బంతి చేతికి రాగానే వెనక్కి అడుగే వెయ్యలేదు. చెయ్యి నడుము దగ్గరినుంచి అడ్డంగా, అసహ్యంగా తిప్పి, ఓటిస్ వదిలేసి వచ్చిన ఖాళీలోకి విసిరాడు. ఏ కోచ్ నేర్పే విసురూ కాదది. ఓటిస్ గుద్దుకు వెల్లకిలా పడి, జనం లేచి నిలబడ్డ హోరు విన్నాడు. బంతి అందుకున్నవాడు చివరి గీత దాటాడు.

ఓటిస్ ఇంకా అతని మీదే ఉన్నాడు. "ఇదెవరిది?" అన్నాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగాడు.

"లే మీదనుంచి," అన్నాడు గార్త్.

బట్టలు మార్చుకునే గదిలోకి ప్రూయిట్ వచ్చాడు. "ఓటిస్ మీదికొస్తాడని నీకెలా తెలుసు? ఇంకేం మిగల్లేదన్నావు శుక్రవారం."

"సోమవారం పంపించేస్తామని మీరూ నాకు చెప్పలేదుగా కోచ్."

ప్రూయిట్ ఆ మాట దాటేశాడు. "డాంటేకి ఈ ఏడాది ఆట లేదు. వచ్చే ఆదివారం టల్సా జట్టు మీద మొదటినుంచీ నువ్వే."

ఎన్నేళ్లుగానో కోరుకున్న మాట. సంతోషం వస్తుందని ఎదురుచూశాడు. కోపమే వచ్చింది. మణికట్టుకు చుట్టిన టేపు పీకుతూ బుధవారం గురించి ఆలోచించాడు. టల్సాలో ఎవడో మూడో క్వార్టర్‌బ్యాక్‌కి తన నంబరు చొక్కా తొడుగుతారు. ఆ అసహ్యమైన విసురు పదేపదే చూపించి, అలాగే విసరమంటారు. ఎవడో వాణ్ణి గుద్ది పడేస్తాడు. అందరూ నవ్వుతారు.

నువ్వు మాత్రం నవ్వకురా, అనుకున్నాడు గార్త్.