బూటులో మేకు

"ఇవాళ్టి పేపరే దొరికిందా నీకు? నిన్నటిదేమైంది?" అత్తగారు కళ్లజోడు ముక్కుమీదికి జార్చి మరీ నిలదీసింది.

"నిన్నటిది నిన్ననే నానిపోయింది అత్తయ్యా. రోజూ తడిసొచ్చే బూట్లకి రోజూ పేపరు కావాలి."

"నా గళ్ళనుడికట్టు దాంట్లోనే ఉంది. సగం నేను నింపాను. మిగతా సగం నీ మొగుడి బూటు నింపుతుందా?"

కోడలు నవ్వు ఆపుకుంది. బూట్ల విషయంలో మాత్రం ఆమె ఎవరి మాటా వినదు. బురద గట్టిపడకముందే బ్రష్షుతో రాల్చి, తడిబట్టతో తుడిచి, కాగితం కుక్కి నీడన ఆరబెట్టాలి. పొయ్యి దగ్గర పెడితే తోలు బీటలువారుతుంది. పూర్తిగా ఆరాకే మైనం పట్టించాలి. పైగా అవి సొంత బూట్లు కావు. బూట్ల కంపెనీ కొత్త రకం చేసినప్పుడల్లా ముందు ఒక జత ఆమె భర్తకిస్తుంది. ఆయన వాటితో రాళ్ల క్వారీలో, మడుగుల్లో, చిత్తడిలో రోజంతా తిరిగి, ఎక్కడ కరుస్తోందో, ఎక్కడ నీరు దిగుతోందో చెబుతాడు. ఆయన సరేనంటేనే ఆ రకం కూలీల కాళ్లకు చేరుతుంది.

ఎందుకొచ్చిన గొడవని ఆమె కుడి బూటులోంచి పేపరు లాగింది. అది దేనికో తగులుకుని పర్రున చిరిగింది. లోపల చెయ్యి పెట్టి తడిమితే వేలు చురుక్కుమంది. లోపలి అట్టను చీల్చుకుని ఒక మేకు మొన పైకి తేలి ఉంది.

"చింపేశావూ!" అని అత్తగారు నెత్తి కొట్టుకుంది. కోడలికి ఆ మాట వినపడలేదు. ఇంటికి రాగానే ఆయన ఫోనులో మేనేజరుతో అన్న మాటే చెవిలో ఉంది: "దూది మీద నడిచినట్టుంది సార్. వంక పెట్టడానికేం లేదు."

బకెట్లో పడేసిన మేజోళ్లు తీసి తిరగేసింది. ఒకదానికి మునివేళ్ల కింద నెత్తురు మరక.

ఆయన మంచం మీద కాళ్లు చాపుకుని టీవీ చూస్తున్నాడు. పెళ్లయిన కొత్తలో అరికాలికి చీర కొంగు తగిలినా ఎగిరి గంతేసిన మనిషి. ఆమె మంచం చివర కూర్చుని గోటితో అరికాలి మీద గీత గీసింది. ఆయన చూపు తెరమీంచి కదల్లేదు. గట్టిగా నొక్కింది. అయినా కదల్లేదు.

"ఎప్పట్నుంచి?"

"ఏంటి?"

ఆమె బూటు ఆయన ఒళ్లో పెట్టింది. ఆయన లోపల తడిమి, చెయ్యి వెనక్కి లాక్కుని, టీవీ కట్టేశాడు.

"వానలు మొదలైనప్పట్నుంచి తిమ్మిరిగా ఉండేది. ఇప్పుడు తిమ్మిరి కూడా లేదు."

"మరి దూది మీద నడిచినట్టుందన్నారు?"

"అబద్ధం కాదే. నాకలాగే ఉంది." నవ్వబోయాడు, చేతకాలేదు. "నాకు తెలిసిన పని ఇదొక్కటే. కాలికి తెలియట్లేదంటే ఎవరుంచుకుంటారు?"

"మీరు సరేనన్న బూట్లు ఎంతోమంది తొడుక్కుంటారు. వాళ్ల కాళ్లకి తెలుస్తుంది కదండీ."

ఆమె వెచ్చటి నీళ్లు తెచ్చింది. వేడి సరిపోయిందా అని ఆయన్నడగలేదు. తన మోచెయ్యి ముంచి చూసుకుని, గాయం కడిగి, అద్ది, కట్టు కట్టింది.

రాత్రి భోజనాల దగ్గర కూతురు ఆ కట్టు చూసింది. "ఏమైంది నాన్నా?"

ఎప్పుడూ కంచంలోకే చూస్తూ తినే మనిషి తలెత్తాడు.

"రేపు పొద్దున డాక్టరు దగ్గరికెళ్తున్నా. అక్కణ్నుంచి కంపెనీకి. నేను సరేనన్న రకం ఆపమని, ఇంకెవరికైనా తొడిగించి మళ్లీ చూడమని చెప్తా. నా కాలిని నమ్మొద్దని నేనే చెప్తా."

"మరి ఉద్యోగంరా?" అంది అత్తగారు.

"ఉంచితే ఉంచుతారు, లేకపోతే లేదు. పరీక్షకి మాత్రం ఇక నేను బూట్లు తొడుక్కోనమ్మా."