కారు కింద పొడినేల

నేను ఒక తెలుగు టైపుమిషనుని. పుట్టింది ఏదో పెద్ద కర్మాగారంలోనే అయినా, నాకు ఊహ తెలిసింది నరసాపురం కోర్టు ఎదుట రేకుల పందిరి కింద. మొదట కొన్న ప్లీడరు గుమాస్తా, ఒత్తులు సరిగ్గా పడటం లేదని విసుక్కుని నన్ను అద్దేపల్లి సుబ్బారాయుడికి అమ్మేశాడు. తప్పు నాది కాదు, ఆ గుమాస్తా వేళ్ళకు తొందరెక్కువ.

సుబ్బారాయుడు మెత్తగా కొట్టేవాడు. దావాలు, అర్జీలు, వీలునామాలు. పని లేనప్పుడు మాత్రం సొరుగు లాగి, అద్దె లైబ్రరీ నుంచి తెచ్చిన డిటెక్టివ్ నవల తీసేవాడు. అప్పుడు నాకు ఒళ్ళు మండేది. నా మీద కొట్టిన అక్షరాన్ని ఏనాడూ రెండోసారి చూడని మనిషి, ఆ చవక కాగితం మీదికి ముక్కు ఆనేటట్టు వంగిపోయేవాడు. పక్కన టీ చల్లారిపోయేది.

చదివి ఊరుకునేవాడా? పెన్సిలుతో మార్జిన్లో తీర్పులు రాసేవాడు. ‘హంతకుడు వంటవాడు. నలభయ్యో పేజీలోనే తెలిసింది.’ ‘ఆఖర్లో కవల సోదరుణ్ణి దింపడం పిరికితనం.’ ‘ఆనవాలు పాఠకుడి కళ్ళముందే పెట్టాలి, పెట్టినట్టు తెలియకూడదు.’

తనూ రాయబోయాడు. పదకొండుసార్లు నా మీదే మొదలుపెట్టాడు. ప్రతిసారీ మొదటి పేజీలో శవం పడేది. రెండో పేజీకి వచ్చేసరికి ఎవరు చంపారో ఆయనకే తెలిసేది కాదు.

ఒక వేసవిలో ఎస్తేరు వచ్చింది. ముప్పయ్యేళ్ళుంటాయి. లేసులు అల్లే కేంద్రంలో పని. సంచిలోంచి మూడు నోటుపుస్తకాలు తీసింది.

“డిటెక్టివు నవలండి. వారపత్రికోళ్ళు పోటీ పెట్టారు. నా దస్తూరీ కోడి గెలికినట్టుంటదండి, టైపు చేసి పెట్టాలి.”

“నా దగ్గరికే ఎందుకమ్మా?”

“లైబ్రరీ పుస్తకాల్లో పెన్సిలు రాతలు మీయేనటగా. ఆరేళ్ళ నుంచీ నవలతో పాటు అయ్యీ చదూతున్నానండి. అయి చూసే నేర్చుకున్నాను.”

ఆయన ముఖం వెలిగిపోయింది. రెండు రోజులు ఆ వెలుగు నిలిచింది. మూడో రోజు నుంచి తగ్గసాగింది.

కథలో ఒక లేసు వ్యాపారి వాన కురిసిన సాయంత్రం హత్యకు గురవుతాడు. “అల్లుడే” అన్నాడు సుబ్బారాయుడు నలభయ్యో పేజీలో. తొంభైకి వచ్చేసరికి “కాదు, గుమాస్తా” అన్నాడు. ఆ తర్వాత ఏమీ అనలేదు. ఆఖరి అధ్యాయంలో తేలింది, చంపింది అందరూ నమ్మిన డాక్టరు. వాన వెలిశాకే వచ్చానని ఆ డాక్టరు చెప్పాడు. కానీ అంతకుముందే రెండు వాక్యాలున్నాయి: ‘డాక్టరు కారెక్కి వెళ్ళిపోయాడు. అది ఆగిన చోట నేల పొడిగా ఉంది.’

అంటే వాన మొదలవకముందే కారు అక్కడుంది. ఆ మాటలు నాలుగు రోజుల కిందట సుబ్బారాయుడే స్వయంగా కొట్టాడు. కనపడలేదు.

చాలాసేపు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత యాభైరెండో పేజీ వెతికి చించేశాడు. కొత్త కాగితం ఎక్కించి, నేల పొడిగా ఉందన్న వాక్యం ఒక్కటీ వదిలేసి మళ్ళీ కొట్టాడు. ఆ మంట నేనెరుగుదును. సొరుగు చప్పుడైనప్పుడల్లా పడ్డదే. కానీ నాకు చేతులు లేవు కాబట్టి పాపమూ లేదు.

ఆ సాయంత్రం కాగితాల కట్ట పట్టుకెళ్ళిన ఎస్తేరు, మర్నాడు పొద్దున్నే వచ్చి దాన్ని నా పక్కన పెట్టింది.

“యాభైరెండో పేజీలో ఒక వాక్యం లేదండి.”

“జారిపోయుంటదమ్మా.”

“నూట నలభై పేజీల్లో ఒక్క కొమ్ము తప్పు పోలేదు. పోయిందల్లా ఆ వాక్యం. అది లేకపోతే నవలే లేదు. పదేళ్ళు లేసు అల్లానండి. తెగిన దారం వేరు, కోసిన దారం వేరు.”

సుబ్బారాయుడు కళ్ళజోడు తీశాడు.

“కోసిందే. కుళ్ళమ్మా. పాతికేళ్ళుగా చదూతున్నాను. ప్రతి హంతకుణ్ణీ సగంలోనే పట్టుకున్నాను. నీ వాణ్ణి పట్టుకోలేకపోయాను.”

ఆమె కట్టలోంచి యాభైరెండో పేజీ లాగి ఆయన ముందు పెట్టింది.

“తిడదామని దారంతా మాటలు కూర్చుకొచ్చానండి. పట్టుకోలేకపోయానన్నారే, ఆ మాటకి లోపల సంబరంగా ఉంది. అందుకు ఇంకా కోపంగా ఉంది.” స్టూలు లాక్కుని కూర్చుంది. “రేపే ఆఖరి రోజు. కొట్టండి.”

కొట్టాడు. ఆమె చూస్తూ కూర్చుంది.

ఆ నవలకు రెండో బహుమతి వచ్చింది. తర్వాతి నవలకూ ఆమె ఆ పందిరి కిందికే వచ్చింది, స్టూలు లాక్కునే కూర్చుంది. నమ్మకం పూర్తిగా తిరిగి రాలేదు, టైపిస్టునూ మార్చలేదు. అందులో హంతకురాలిని సుబ్బారాయుడు డెబ్భయ్యో పేజీలో పట్టేశాడు. ఎస్తేరు ముఖం చిన్నబోయింది. “ఈ ఉత్తరం సంగతి ముందే చెప్పేశావు తల్లీ, ఇంకా తర్వాతికి జరుపు” అన్నాడు. జరిపింది. మళ్ళీ మొత్తం కొట్టాడు.

ఇప్పుడు నేను పాత ఇనప సామాన్ల కొట్లో, విరిగిన ఫ్యాన్ల మధ్య ఉన్నాను. రెండు మీటలు బిగుసుకుపోయాయి. సుబ్బారాయుడి అసూయ పోయిందా అంటే, పోలేదు. ఆమె పేరు అచ్చులో కనపడ్డప్పుడల్లా కణత దగ్గర నరం కదిలేది. అయినా ఆమె కాగితాల్లో ఒక్క చుక్క తక్కువ కొట్టలేదు. కంప్యూటర్లు వచ్చి నన్ను అమ్మేసిన రోజున కూడా, కొన్నవాణ్ణి గంటసేపు ఎండలో నిలబెట్టి, ఆమె నాలుగో నవల ఆఖరి పేజీ పూర్తిచేశాకే నన్ను వాడి చేతికిచ్చాడు.